వేగమున వచ్చు వణుకు

గుంటూరు నుండి తెనాలికి పోవు రైలుదారిలో వేజండ్ల దాటిన పిమ్మట సంగం జాగర్లమూడి స్టేషను వచ్చును. కొమ్మమూరు కాలువ నీటితో పండెడి వరిపొలముల నడుమ నున్న గ్రామమిది. అచ్చట మాకొక మిత్రుడున్నాడు. కళాశాలలో మాతో కలిసి చదివినవాడు. చదువు ముగిసిన పిమ్మట మేము రేడియో ఉద్యోగమునకు వచ్చినాము. అతడు తండ్రిగారి సేద్యమునకు పోయినాడు. భూమితో పాటు తండ్రిగారి నుండి అతనికి సంక్రమించిన ఆస్తి మరియొకటి కలదు. అది రెండు సీట్లు మాత్రమే గల, పై కప్పు మడచిపెట్టుకొనదగిన, 1960 ప్రాంతపు ఇంగ్లీషు కారు. పరుగు పందెపు కారుకు పిన్న సోదరి వంటిది.

ఆ తండ్రిగారు యౌవనమున కొంతకాలము మద్రాసులో ఉన్నారు. ఆ దినములలో మద్రాసుకు ఉత్తరమున, కలకత్తా పోవు రోడ్డు చెంత, షోళవరములో కారు పందెములు జరిగెడివి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానముల కొరకు వేసిన దారియే పందెపు దారి. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు వాటిని నిర్వహించెడిది. ఫియట్ 1100, స్టాండర్డు హెరాల్డు వంటి సంసారపక్షపు బండ్లనే సవరించి, బరువు తగ్గించి, పందెములకు దింపెడివారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త దారి ఏర్పడిన పిమ్మట పందెములు అచ్చటికి తరలిపోయినవి. షోళవరము చూచి వచ్చినవారికి ఇంటి ముందు ఒక చిన్న కారు ఉండవలెనను కోరిక కలుగుట వింత కాదు. ఆ కోరికయే కొంతకాలమునకు సంగం జాగర్లమూడి ధాన్యపు కొట్టములో వచ్చి నిలిచినది.

తండ్రిగారు పోయిన పిమ్మట మా మిత్రుడు ఆ బండిని దుమ్ము దులిపి మరల నడుపుట మొదలుపెట్టినాడు. ఊరిలోను, తెనాలి రోడ్డు మీదను అది చక్కగా నడచినది. కాని గుంటూరు దాటి జాతీయ రహదారి ఎక్కి విజయవాడ వైపు తిరిగినంతనే చిక్కు మొదలయ్యెడిది. వేగము గంటకు 75 కిలోమీటర్లు దాటగనే బండి అంతయు వణకెడిది. ఎనభై వద్ద అద్దములోని వెనుక దృశ్యము చెదరిపోయెడిది. వేగము తొంబదియైదుకు పోయినచో వణుకు కొంత తగ్గెడిది కూడను.

ఆరు నెలలలో అతడు మూడు షెడ్లు తిరిగినాడు. ఒకచోట స్టీరింగు కీళ్ళు మార్చినారు. మరియొకచోట షాకబ్సార్బర్లు మార్చినారు. వేరొకచోట, "పాత బండి అంటే ఇంతేనండి, ఎనభై దాటకుండా నడుపుకోండి," అన్నారు. ఇంకొక అనుభవశాలి, "తొంభై ఐదు మీద పోనివ్వండి, అదే సర్దుకుంటుంది," అని ఉపాయము చెప్పినాడు. విసిగిన మిత్రుడు కడకు బండిని అమ్మివేయుటకు నిశ్చయించినాడు. కొనువాడు బయానా కూడ ఇచ్చినాడు.

అతడు ఈ సంగతి ఫోనులో చెప్పినపుడు మేము కూడ ఒక తప్పు చేసినాము. బండిని చూడకుండనే, దాని గొంతు వినకుండనే, "చక్రాల బ్యాలెన్సింగు సరిగా లేదు, అంతకంటె ఏమీ ఉండదు," అని తీర్పు చెప్పినాము. అతడు గుంటూరు పోయి, మా మాటపై మరికొంత సొమ్ము ఖర్చు చేసి, నాలుగు చక్రములకును సీసపు బిళ్ళలు వేయించుకొని వచ్చినాడు. వణుకు మాత్రము పోలేదు. "నీది కూడా వాళ్ళ మాటేనోయ్," అన్నాడు. ఆ మాట మాకు తగిలినది. వినుటయే వృత్తిగా గలవారము వినకుండనే మాటలాడినాము గదా!

మేము చెప్పినది శాస్త్రవిరుద్ధమేమియు కాదు. వేగమున వచ్చు వణుకులకు చక్రపు అసమతూకమే మిక్కిలి సాధారణమైన కారణము. మన ప్రాంతమున దీనికి ప్రత్యేకమైన హేతువు కూడ ఒకటి కలదు. వానకాలమున పొలము గట్ల మీద నడచిన బండి రిమ్ము లోపలి అంచున నల్లరేగడి మన్ను పట్టి, ఎండి, రాయివలె గట్టిపడును. అది బయటికి కనబడదు. అటువంటి మన్ను 30 గ్రాములు ఒకచోట అంటుకొన్నదనుకొందము. చిన్న కారు చక్రము చుట్టుకొలత సుమారు 1.8 మీటరు. గంటకు 80 కిలోమీటర్లనగా సెకనుకు 22 మీటర్ల పైచిలుకు. అనగా చక్రము సెకనుకు పన్నెండుసార్లకు మించి తిరుగును. ఆ వేగమున ఆ 30 గ్రాముల మన్ను సుమారు మూడు కిలోల బరువుతో సమానమైన బలముతో చక్రమును బయటికి లాగును. వేగము 40కి తగ్గినచో ఆ లాగుడు సగము కాదు, నాలుగవ వంతు అగును. ఊరిలో నెమ్మదిగానున్న బండి రహదారిపై ఏల వణకునో దీనిని బట్టి తెలియును.

వణుకు ఒక వేగమున వచ్చి, అంతకు మించిన వేగమున ఏల తగ్గును? అట్లతద్దినాడు ఉయ్యాల ఊపినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఉయ్యాల తన లయలో తాను వచ్చుచుండగా, ఆ లయకు సరిపోవునట్లు చిటికెన వ్రేలితో త్రోసినను అది ఆకాశమునకు పోవును. లయ తప్పి ఎంత బలముగా త్రోసినను ఊగదు. కారులోని ప్రతి భాగమునకును అటువంటి స్వంత లయ ఒకటి ఉండును. స్ప్రింగులకును రోడ్డుకును నడుమ చక్రము ఎగిరిపడు లయ చాల కార్లలో సెకనుకు పది పదునైదుసార్ల ప్రాంతమున ఉండును. చక్రము తిరుగుడు ఆ లయతో కలిసినపుడు వణుకు పెరుగును; దాటిపోయినపుడు తగ్గును. తగ్గినంత మాత్రమున దోషము పోలేదు. త్రోయువాడు అచ్చటనే ఉన్నాడు. ఉయ్యాల మాత్రము వాని చేతికి అందుట లేదు. కావున "ఇంకా వేగంగా పోనివ్వండి" అనునది చికిత్స కాదు, ప్రమాదము.

ఈ కంపనముల శాస్త్రమున మన తెలుగువారికి కొంత గర్వకారణము కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంజనీరింగు చదివి, అమెరికాలో ఆచార్యులైన సింగిరేసు ఎస్. రావుగారు యంత్ర కంపనములపై వ్రాసిన పాఠ్యగ్రంథము 1986లో తొలిసారి వెలువడి, పలు ముద్రణలు పొంది, అనేక దేశముల విద్యార్థులకు చదువు పుస్తకమైనది. అటువంటి గ్రంథములలోని గణితము మనకు అవసరము లేకపోవచ్చును. కాని ఆ శాస్త్రపు మొదటి సూత్రము మాత్రము ప్రతి బండి యజమానికిని పనికివచ్చును. వణుకుచున్నదేది అని అడుగుటకు ముందు, సెకనుకు ఎన్నిసార్లు వణుకుచున్నది అని అడుగవలెను.

తరువాతి ఆదివారము తెల్లవారకముందే మేము సంగం జాగర్లమూడి చేరినాము. బండి మిత్రుడు నడిపినాడు. మేము ప్రక్కన కూర్చుండి, కాగితము, పెన్సిలు పట్టుకొన్నాము. ఈ విషయమున ఒక హెచ్చరిక చేయవలసియున్నది. నడుపువాడు పరీక్షింపరాదు, పరీక్షించువాడు నడుపరాదు. వాహనముల రద్దీలేని వేళ, తిన్నని దారి మీద, ఇద్దరుగా చేయవలసిన పని ఇది. బండిలోని వేగసూచిక మైళ్ళలో చూపునది, పైగా ముసలిది. కావున చేతిఫోనులోని ఉపగ్రహ లెక్కతో దానిని సరిచూచుకొన్నాము.

మొదటి ప్రశ్న: ఈ వణుకు ఇంజనుదా, పరుగుదా? ఎనభై వద్ద వణుకు బాగుగా ఉన్నపుడు క్లచ్చి నొక్కి, గేరును న్యూట్రలుకు తెచ్చి, బండిని దాని ఊపున పోనిచ్చినాము. ఇట్లు చేయునపుడు ఇంజనును ఆర్పరాదు, తాళపుచెవి త్రిప్పరాదు. కొన్ని బండ్లలో స్టీరింగు బిగిసిపోవును, బ్రేకు బరువెక్కును. ఇంజను వేగము పడిపోయినను వణుకు పోలేదు. కావున ఇంజనును, క్లచ్చిని నిర్దోషులుగా విడిచిపెట్టినాము.

రెండవ ప్రశ్న: వణుకు ఎచ్చట తగులుచున్నది? చేతులలో, స్టీరింగు చక్రమున ఎక్కువగా తగిలినచో ముందు చక్రములను అనుమానింపవలెను. కూర్చున్న సీటులో, నేలలో తగిలినచో వెనుక చక్రములను, వాటికి శక్తిని తీసికొనిపోవు ప్రొపెల్లరు షాఫ్టును అనుమానింపవలెను. మా మిత్రుడు స్టీరింగును రెండు వ్రేళ్ళతో పట్టుకొని, "ఇక్కడ పెద్దగా లేదు, నడుము కిందే ఉంది," అన్నాడు. ఆరు నెలలుగా ఆ బండి ఆ మాటయే చెప్పుచున్నది. అయినను మార్చినవి స్టీరింగు కీళ్ళు!

మూడవ ప్రశ్న: బ్రేకుపై మెల్లగా కాలు మోపినపుడు వణుకు హెచ్చునా? హెచ్చినచో బ్రేకు పళ్ళెములో గాని డ్రమ్ములో గాని వంపు ఉండవచ్చును. ఇచ్చట హెచ్చలేదు.

నాలుగవ ప్రశ్న: పెడలు నొక్కి ఇంజను బలము ఇచ్చినపుడును, వదలినపుడును తేడా ఉన్నదా? ఉన్నది. నొక్కినపుడు వణుకు ముతకగా ఉన్నది. వదలినపుడు కొంత మెత్తబడినది. బరువు పడినపుడు బాధ హెచ్చు కీలు ఎచ్చటనో ఉన్నదని దీనికి అర్థము.

అయిదవ ప్రశ్నకు సమాధానము మేము అడుగకుండనే వచ్చినది. న్యూట్రలులో బండి పోవుచుండగా వణుకుతో పాటు ఒక సన్నని గుంయిమను ధ్వని వినబడినది. బండి నెమ్మదించినకొలది ఆ ధ్వని, హార్మోనియముపై మెట్లు దిగుచున్నట్లు, క్రిందికి జారినది. మరల ఎనభైకి తెప్పించి విన్నాము. ఆ శ్రుతి మాకు చిరపరిచితమైనది. స్టూడియోలో తీగల అమరిక చెడినపుడు విద్యుత్తు ధ్వనిలో కలిసి వినబడు గుంయి అది. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. ఆ గుంయి వినబడినచో రేడియోలో పనిచేయువారికి ముచ్చెమటలు పట్టును. అందుచేత దానిని మరువము.

కాగితముపై లెక్క వేసినాము. ఎనభై వద్ద చక్రము సెకనుకు సుమారు 12 చుట్లు తిరుగును. అది దడదడగా ఒంటికి తగులునే గాని రాగముగా చెవికి వినబడదు. ఇటువంటి బండ్లలో చక్రము ఒక చుట్టు తిరుగులోపల ప్రొపెల్లరు షాఫ్టు నాలుగు చుట్లకు పైగా తిరుగును. పన్నెండును నాలుగుతో గుణించినచో ఏబది దరిదాపునకు వచ్చును. మేము వినుచున్నది చక్రపు సొద కాదు, షాఫ్టు సొద. వినకుండ ఫోనులో చెప్పిన మా తీర్పు ఆ కాగితముపై కొట్టివేయబడినది.

మా చెవి లేనివారు దిగులుపడ నక్కరలేదు. నేటి చేతిఫోనులలో కదలికను కొలుచు చిన్న సాధనము ఉన్నది. సెకనుకు ఎన్ని ఊపులో గీతగా చూపు ఏర్పాట్లు వాటిలో దొరకుచున్నవి. ప్రక్కనున్నవారు ఫోనును సీటు క్రింది నేలకు ఆనించి పట్టుకొన్నచో లెక్క తానే తేలును. పన్నెండు ప్రాంతమైనచో చక్రము, ఏబది ప్రాంతమైనచో షాఫ్టు అని స్థూలముగా గ్రహింపవచ్చును. షాఫ్టు చుట్టుకు రెండేసి ఊపులు చొప్పున, నూరు ప్రాంతమున కనబడినచో కీలును అనుమానింపవలెను. ఒక్కొక్కప్పుడు రెండును కలిసియుండును.

ఆ కీలు సంగతి కొంత వివరింపవలెను. రోడ్డు ఎగుడుదిగుడులకు వెనుక భాగము క్రిందుమీదగునపుడు షాఫ్టు వంగి తిరుగవలెను. అందులకై రెండు చివరల యూనివర్సల్ జాయింటులను కీళ్ళు ఉండును. పదునేడవ శతాబ్దపు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ పేరిట శాస్త్రజ్ఞులు దీనిని హుక్ కీలు అందురు. దీనికొక దోషము కలదు. వంగి తిరుగునపుడు అవతలి వైపు ఒకే వేగమున తిరుగదు. చుట్టుకు రెండుసార్లు తొందరపడి, రెండుసార్లు నెమ్మదించును. రెండు కీళ్ళును ఒకే తీరున అమర్చినపుడు ఒకదాని తొందరను మరియొకటి సరిదిద్దును. అమరిక తప్పినచో రెండింటి దోషమును కూడుకొనును.

మధ్యాహ్నమునకు తెనాలిలో ఒక వృద్ధ మేస్త్రీ షెడ్డుకు చేరినాము. యౌవనమున హెరాల్డు కార్లపై పని నేర్చినవాడు. 1961 నుండి మద్రాసులో తయారైన ఆ బండ్లు ఒకప్పుడు మన పట్టణములలో విరివిగా తిరిగెడివి. మా కాగితమును ఆయన చదువలేదు. "బాబూ, ముందు వినిపించండి," అన్నాడు. ఒక చుట్టు బండిలో వచ్చి, దిగి, వెనుక భాగమును పైకెత్తించినాడు. జాక్కును నమ్మక, నాలుగు ఇనుప స్టాండ్లు పెట్టించి, ముందు చక్రములకు అడ్డు కట్టెలు వేసిన పిమ్మటనే క్రిందికి దూరినాడు. జాక్కుపై మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవరును పోరాదను సంగతి ఆయన మాటలతో కాక చేతలతో చెప్పినాడు.

షాఫ్టును చేతితో మెల్లగా త్రిప్పినపుడు టిక్కుమను శబ్దము వచ్చినది. వెనుక కీలు చుట్టును ఎఱ్ఱని పొడి రాలియున్నది. గ్రీజు ఎండి, లోపలి సూదుల వంటి ఉక్కు కడ్డీలు అరిగి, తుప్పు పట్టినపుడు వచ్చు పొడి అది. ఆయన టార్చిలైటు వేసి మరియొకటి చూపినాడు. షాఫ్టు రెండు ముక్కలుగా పండ్లలో జారునట్లు ఉండును. ఆ పండ్లు ఒకటి రెండు తప్పి బిగింపబడినందున రెండు కీళ్ళ యోకులును ఒక తీరున లేవు. "ఎవరో విప్పి, గుర్తు పెట్టుకోకుండా బిగించారండి," అన్నాడు. మిత్రునకు అపుడు జ్ఞాపకము వచ్చినది. కిందటి సంవత్సరము క్లచ్చి పనికై ఎచ్చటనో షాఫ్టును దింపించినాడు. వణుకు ఆ తరువాతనే మొదలైనది. ఆ సంగతి ఎవరును అడుగలేదు, అతడును చెప్పలేదు.

అంతటితో కాలేదు. వెనుక బిగింపునకు నాలుగు బోల్టులుండవలెను. ఒకదాని నట్టు లేదు. మరియొకటి చేతికే ఊడివచ్చినది. మేస్త్రీ ఆ నట్టును మిత్రుని అరచేతిలో పెట్టి, ఒక్క క్షణము ఆగి, "ఈ బండి మిమ్మల్ని బెదిరించలేదు బాబూ, బతిమాలింది," అన్నాడు. ఎనభై వేగమున షాఫ్టు ఊడినచో ఏమగును? వెనుక చివర ఊడినచో అది నేలను కొట్టుకొనుచు క్రింది రేకును చీల్చును. ముందు చివర ఊడి రోడ్డులో గ్రుచ్చుకొన్నచో బండియే ఎత్తివేయబడవచ్చును. మిత్రుని కుమార్తె అంతకు ముందటి నెలలో రెండుసార్లు అదే సీటులో కూర్చుండి విజయవాడ పోయి వచ్చినది. మా మిత్రుడు చాలసేపు ఏమియు మాటలాడలేదు.

కొత్త క్రాసు, కప్పులు వేసినారు. యోకులను ఒక తీరునకు తెచ్చి, సుద్దతో గీత గీసి బిగించినారు. నాలుగు బోల్టులును కొత్తవి. ఖర్చు అంతకుముందు మార్చిన సామానుల కంటె చాల తక్కువ. మరునాడు ఎనభై వద్ద గుంయిమను ధ్వని లేదు. కాని తొంబది ప్రాంతమున చేతులలో ఒక సన్నని దడ మిగిలినది. ఈసారి మేము తీర్పు చెప్పలేదు; బండి దిగి టైర్లు చూచినాము. టైరు ప్రక్క అచ్చులో నాలుగంకెలు ఉండును. 2314 అని ఉన్నచో 2014వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. ఆ బండి టైర్లు పదేండ్లు దాటినవి. కొట్టములో నిలిచియుండుటచే పైగాడులు కొత్తవానివలెనే ఉన్నవి. ప్రక్కలు మాత్రము సన్నగా బీటలు వారినవి. ఎంత కొత్తగా కనబడినను పదేండ్లు దాటిన టైరును వాడరాదని తయారీదార్లు పలువురు హెచ్చరించుచున్నారు. లోపలి పొరలు విడివడి ఉబ్బు టైరు, పగులుటకు ముందు తరచు వణుకుగానే తన సంగతి చెప్పును. టైర్లు మార్చిన పిమ్మట ఆ దడయును పోయినది.

ఈ కథవలన మేము నేర్చినది చెప్పి విరమింతుము. కారు పాతదైనను కొత్తదైనను, రెండు సీట్లదైనను పది సీట్లదైనను, రహదారిపై వణకినపుడు దానిని రోగమని భయపడనక్కరలేదు, అలవాటని ఊరకుండనురాదు. ఎప్పుడు మొదలైనది, దానికి ముందు ఏ పని చేయించినాము, ఏ వేగమున వచ్చును, ఎచ్చట తగులును, ఇంజను బలము తీసినను ఉండునా, బ్రేకుతో మారునా అను ఈ ఆరు ప్రశ్నలకు సమాధానములు ఒక కాగితముపై వ్రాసికొని మేస్త్రీ వద్దకు పోవలెను. ఒకసారికి ఒక్క భాగమునే మార్చి మరల పరీక్షింపవలెను. నాలుగు ఒకేసారి మార్చినచో వణుకు పోయినను దేనివలన పోయినదో తెలియదు. పోకున్న సొమ్ము మాత్రము పోవును. విప్పునపుడు సుద్దముక్కతో గుర్తు పెట్టుమని చెప్పుటకు మొగమాటపడరాదు. కారణము తెలియువరకు ఆ బండిని రహదారి ఎక్కింపరాదు.

మిత్రుడు బయానా తిరిగి ఇచ్చివేసినాడు. అరిగిన క్రాసును పారవేయక ధాన్యపు కొట్టము కిటికీలో పెట్టుకొన్నాడు. ఎవరైన వచ్చి తమ బండి వణకుచున్నదని చెప్పినచో ముందుగా ఆ ఇనుపముక్కను వారి చేతికిచ్చి కప్పును త్రిప్పి చూడుమనును. ఆ పిమ్మట అతడు అడుగు మొదటి మాట, "ఏం మార్పించారు?" అని కాదు, "ఎక్కడ తగులుతోంది?" అని.